జబ్బ చుట్టుకొలత

ఫిబ్రవరి 4

చెల్లికి,

పార్సిలు విప్పి, గౌను ఎత్తి చూసి, "ఇదేం కొలత?" అని మొహం చిట్లించే ముందు ఈ కాగితం చదువు. కొలత తప్పింది నీ దగ్గర. నేను దిద్ది కుట్టాను.

పొట్ట చుట్టూ నలభై అంగుళాలని రాశావు. ఆరో నెల కడుపుకి నలభై అంగుళాలా? కడుపుతో ఉన్నవాళ్ళకి కుట్టడం మొదలుపెట్టి నాకు ముప్పై ఏళ్ళు. ఎవరికి ఏ నెలలో ఎంతో నా కొలతల పుస్తకంలో ఉంది, నా బుర్రలో అంతకన్నా బాగా ఉంది. నీ ఒళ్ళున్న మనిషికి ఆరో నెలలో ముప్పై ఆరు. పోనీ నువ్వు నా చెల్లెలివి కాబట్టి ముప్పై ఏడు. ముప్పై ఏడుకే కత్తిరించాను.

తప్పెక్కడ జరిగిందో కూడా నాకు తెలుసు. టేపు నువ్వే పట్టుకుని నువ్వే చూసుకున్నావు. వెనక జారింది. లేదా మీ ఆయన పట్టాడు. లిఫ్టులు బాగుచేసే చేతికి ఇనపతాడు తెలుస్తుంది కానీ టేపు తెలుస్తుందా? పైకీ కిందికీ తప్ప ఎటూ కదలని ఉద్యోగం, ఇక చుట్టుకొలత ఏం తెలుస్తుంది పాపం.

నా దగ్గర పదేళ్ళు కాజాలు కుట్టావు. ఇప్పుడు బస్సు టికెట్ల కౌంటర్లో కూర్చుని చేతి నేర్పు అంతా పోగొట్టుకున్నావు. ఆ కౌంటరు యూనిఫారం రంగు చూస్తేనే నాకు వికారం. అయినా కుట్టాను. నా చెల్లెలు రెడీమేడ్ గౌను తొడిగితే ఈ వీధిలో నేను తలెత్తుకోలేను.

ఆరేళ్ళకి వచ్చిన కడుపు. జాగ్రత్తగా ఉండు. ఫోను చెయ్యకు, మిషన్ల మోతకి నా చెవులు ఎప్పుడో పోయాయి, నువ్వు అరిచేది నాకు సగమే వినపడుతుంది. ఆ సగమూ తిట్లే ఉంటాయి.

నీ తప్పులు దిద్దే
అన్నయ్య


ఫిబ్రవరి 11

అన్నయ్యకి, అన్నయ్య పుస్తకానికి,

గౌను అందింది. చాలా బాగుంది. ఎవరికి సరిపోతుందో తెలిస్తే వాళ్ళకి ఇచ్చేస్తాను.

తొడిగిన ముచ్చట చెబుతాను. తల దూరింది, చేతులు దూరాయి, పొట్ట దగ్గర ఆగింది. జిప్పు సగానికి వచ్చి మొండికేసింది. మీ బావగారు పట్టకారు తెచ్చారు. నేను ఊపిరి బిగబట్టాను. ఇంకో రెండంగుళాలు పైకొచ్చాక ఊపిరి వదలాల్సి వచ్చింది, మనిషిని కదా. జిప్పు ఊడి కిందపడింది. పాత చొక్కా పిన్నీసులు పెట్టుకుని డ్యూటీకి వెళ్ళాను.

టేపు పట్టడం రాదా నాకు? పదేళ్ళు నీ దుకాణంలో ఎవరి కొలతలు ఎవరు తీశారు? నువ్వు సుద్దముక్క పట్టుకుని పెత్తనం చేశావు. ఆడలేనమ్మ మద్దెల ఓడందట. కత్తిరించడం తప్పితే కొలత తప్పందట.

సరే, నా మాట నీకు లెక్కలేదు కాబట్టి సాక్షులతో కొలిపించాను. మా కౌంటర్లో క్యాషియరమ్మ టేపు పట్టింది. ఊడ్చే ఆవిడ వెనక జారకుండా చూసింది. సూపర్వైజరు తల అటు తిప్పుకుని అంకె రాసుకున్నాడు. నలభై ఒకటిన్నర. ముగ్గురి సంతకాలూ వెనక ఉన్నాయి. ఆఫీసు స్టాంపు కూడా వెయ్యమన్నాను, సూపర్వైజరు ధైర్యం చెయ్యలేదు.

అవును, వారంలో ఒకటిన్నర పెరిగింది. నేనేం చెయ్యను? బల్లకీ కుర్చీకీ మధ్య పట్టక పక్కకి తిరిగి కూర్చుని టికెట్లు కొడుతున్నాను. కిటికీ ముందుకొచ్చే ప్రతివాళ్ళూ "ఈ వారమేనా అమ్మా?" అని అడుగుతారు. ఇంకా నాలుగు నెలలుందంటే కవలలా అంటారు. స్కానులో ఒక్కరేనని నాలుగో నెలలోనే చెప్పారు.

వదినకి చెప్పు, ఆవిడ మీద నాకు కోపం లేదు.

ముప్పై ఏడులో పట్టని
చెల్లి


ఫిబ్రవరి 18

చెల్లికి,

సాక్షుల కాగితం అందింది. అద్దంలో బిగించి గోడకి తగిలించాను. క్యాషియరు, ఊడ్చే మనిషి, సూపర్వైజరు. ఇంకా నయం, డ్రైవరుని పిలవలేదు.

నమ్మాను. నలభై ఒకటిన్నరే. అంటే టేపు తప్పు కాదు, నోటి తప్పు. తింటున్నావు. కౌంటరు వెనక కూర్చుని ఒక చేత్తో టికెట్టు, ఒక చేత్తో పొట్లం. సాయంత్రం మీ ఆయన ఇంకో పొట్లం తెస్తాడు. చిన్నప్పుడు ఇంట్లో ఏ డబ్బా ఖాళీ అయినా మొదట నీ మొహమే చూసేవాళ్ళం, మర్చిపోయావా. ఇద్దరి కోసం తినాలని ఎవరో చెప్పుంటారు. ఆ రెండోవాడు పిడికెడంత ఉంటాడు, వాడి వాటా కూడా పిడికెడే.

దుకాణంలో నీ కాగితం చదివి వినిపించాను. అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. గౌను కాదు మాస్టారూ, గుడారం కుట్టి పంపండి అన్నారొకరు. మీ వదిన మాత్రం మొహం ముడుచుకుని లోపలికి పోయింది. ఆవిడకి హాస్యం తెలీదు.

సరే, కుడతాను. కానీ ఈసారి ఒక్క పొట్ట కొలత చాలదు. మెడ, భుజం, ఛాతీ, జబ్బ, మణికట్టు, పిర్ర, చీలమండ అన్నీ వరసగా రాసి పంపు. తిండికి పెరిగిన ఒళ్ళు పొట్ట దగ్గరే ఆగదు, అంతటా పెరుగుతుంది. ఆ అంకెలు చూస్తే ఎన్ని పొట్లాలు తిన్నావో చెప్పేస్తాను. గోడకి ఈ రెండో కాగితం కూడా తగిలిస్తాను.

కాస్త నోరు కట్టుకో. నీళ్ళు కూడా కుండలు కుండలు తాగుతుంటావు, అదీ తగ్గించు.

నీ మేలుకోరే
అన్నయ్య


మార్చి 1

అన్నయ్యకి,

అడిగిన కొలతలన్నీ వెనక పేజీలో వరసగా ఉన్నాయి. పొట్ట నలభై నాలుగు. నవ్వుకో. దుకాణంలో చదువు, గట్టిగా చదువు, నీ చెవికి కూడా వినపడాలి కదా.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడే మా వీధి క్లినిక్కులో నర్సు నన్ను తూకం ఎక్కించింది. ముల్లు చూసి, నన్ను చూసి, "కాస్త తగ్గించమ్మా" అంది. పక్కనున్నావిడ పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. నువ్వూ ఆ నర్సూ మాట్లాడుకున్నారేమో అనుకున్నాను.

కాబట్టి నీకు సంతోషం కలిగే సంగతి. తగ్గించాను. పొద్దున రెండు బ్రెడ్డు ముక్కలు, మధ్యాహ్నం సగం భోజనం, రాత్రి ఏమీ లేదు. సాయంత్రం ఆరు దాటితే గుక్కెడు నీళ్ళు కూడా ముట్టను. మీ బావగారు కంచం ముందు పెట్టి బతిమాలితే తలుపు వేసుకున్నాను. మా లిఫ్టు మూడు రోజులకోసారి ఆగిపోతుంది, నాలుగంతస్తులు ఎక్కలేక రెండో అంతస్తులో మెట్టు మీద కూర్చుంటున్నాను. పడుకుంటే ఊపిరి ఆడదు, కూర్చునే నిద్ర. పొట్ట చర్మం బిగుసుకుపోయి మెరుస్తోంది. ఇంతకు ముందు లోపల తన్నేది తెలిసేది, ఇప్పుడు ఎక్కడో దూరంగా ఉన్నట్టుంది. ఇవన్నీ తిండిపోతులకి మామూలే కాబోలు.

పదో తారీకున మళ్ళీ క్లినిక్కుకి రమ్మన్నారు. వెళ్ళను. నెలకి ఒకసారి నవ్వించుకుంటే చాలు.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. నేను కడుపు గురించి రాస్తే దుకాణం గోడ మీద పడింది. ఇక రాయను, నువ్వూ రాయకు. గౌను అక్కర్లేదు. మీ బావగారి చొక్కాలు రెండు విప్పి కలిపి కుట్టుకున్నాను. కుట్టు బాగానే వచ్చింది, చేతి నేర్పు పోలేదు.

చెల్లి


మార్చి 6

చెల్లీ,

రాయకన్నావు. రాస్తున్నాను. చించెయ్యాలనుకుంటే చదివాక చించు.

నీ కొలతలతో కాగితం మీద నమూనా గీశాను. గౌను అక్కర్లేదన్నా గీశాను, మొండితనం నీ ఒక్కదాని సొత్తు కాదు. గీసి బల్ల మీద పరిచి చూస్తే అది మనిషి ఆకారంలా లేదు. ఎక్కడో కూడిక తప్పానని మళ్ళీ గీశాను. మళ్ళీ అదే. అప్పుడు నీ పాత కొలతలు తీశాను. పోయిన సెప్టెంబరులో వచ్చినప్పుడు నా చేత్తో రాసినవి.

జబ్బ చుట్టూ అప్పుడు పదకొండుంపావు. ఇప్పుడు పదిన్నర. మెడ అరంగుళం తగ్గింది. మణికట్టు తగ్గింది. చీలమండ మాత్రం రెండంగుళాలు పెరిగింది. పొట్ట నలభై నాలుగు.

తిని పెరిగిన మనిషికి జబ్బ తగ్గదు. ముప్పై ఏళ్ళలో ఒక్కరికీ తగ్గలేదు. ముందు జబ్బ పెరుగుతుంది, రవికె చేతులు బిగుసుకున్నాయని వస్తారు, ఆ తర్వాతే నడుము. పోనీ నువ్వు అబద్ధం రాశావా అనుకున్నాను. అబద్ధం రాసేదానివైతే పొట్ట తగ్గించి రాస్తావు, జబ్బ తగ్గించి ఎవరు రాస్తారు?

నువ్వు చిక్కిపోతున్నావు, పొట్ట ఒక్కటే ఉబ్బుతోంది. అది తిండి కాదు. ఏమిటో నాకు తెలీదు. గుడ్డల సంగతి తప్ప ఏమీ తెలియని మూర్ఖుణ్ణి, తెలిసినట్టు నెల రోజులుగా వాగాను. నువ్వు నా మాట పట్టుకుని పస్తులుంటున్నావు. నా మాట మీద నీకు ఎప్పుడు గౌరవం ఉందని ఇప్పుడు వింటున్నావు?

పదో తారీకు దాకా ఆగకు. ఆ నర్సు దగ్గరికి కాదు, పెద్దాసుపత్రికి వెళ్ళు. అప్పటివీ ఇప్పటివీ కొలతలు పక్కపక్కన రాసిన కాగితం ఇందులో ఉంది, తీసుకెళ్ళి డాక్టరు ముందు పెట్టు. నన్ను తిట్టుకుంటూ వెళ్ళు, కానీ వెళ్ళు. వెళ్ళేముందు కడుపునిండా తిను.

గోడ మీది కాగితం మీ వదిన ఎప్పుడో చించేసింది.

అన్నయ్య


మార్చి 14

అన్నయ్యకి,

నీ ఉత్తరం వచ్చింది. కవరు మీద నీ రాత చూసి చెత్తబుట్టలో వేశాను. మీ బావగారు తీసి చదివారు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి, "చెప్పులేసుకో" అని అరిచారు. మెట్లు దిగుతుంటే మళ్ళీ చదివి వినిపించారు. మూర్ఖుణ్ణి అన్న చోట రెండుసార్లు చదవమన్నాను.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మకి కాగితం ఇచ్చాను. "ఎవరు పంపారు మిమ్మల్ని?" అంది. మా అన్నయ్య, దర్జీ అన్నాను. మొదట నవ్వింది. తర్వాత కాగితం చదివింది, నవ్వు ఆగిపోయింది. నా జబ్బ పట్టుకు చూసింది, పొట్ట నొక్కి చూసింది. బిడ్డ తల ఎక్కడుందో చేతికి అందడం లేదంది. ఏడో నెలకి తొమ్మిదో నెల పొట్ట ఉందంది. వెంటనే స్కానుకి పంపింది.

బిడ్డ చుట్టూ ఉండే ఉమ్మనీరు లేదూ, అది ఎక్కువైంది. నాలుగు మూలలా లోతు కొలిచి కూడితే ఇరవై నాలుగు సెంటీమీటర్లు దాటకూడదట. నాకు ముప్పై నాలుగు. అంటే మీరంతా కలిసి నవ్వింది నీళ్ళని చూసి.

ఎందుకొస్తుందంటే చాలామందికి కారణమే దొరకదట. కొందరికి చక్కెర వల్ల. నాకు పరీక్ష చేశారు, లేదు. కొందరికి బిడ్డ వల్ల. బిడ్డ ఆ నీటిని మింగుతూ ఉండాలి, ఉచ్చ పోస్తూ ఉండాలి. మింగకపోతే పేరుకుంటుంది. మింగే బిడ్డకి పొట్ట స్కానులో చిన్న నల్లచుక్కలా కనపడాలి. అరగంట వెతికారు. కనపడలేదు. వారం తర్వాత మళ్ళీ చూస్తారు, అప్పుడూ కనపడకపోతే పుట్టాక బిడ్డకి ఆపరేషను పడొచ్చట.

నువ్వు కనిపెట్టావని సంతోషించకు. కనిపెట్టే ముందు నెలరోజులు వెక్కిరించావు. అందులో రెండు వారాలకి పైగా నేను ఆకలితో ఉన్నాను. నాతోపాటు అది కూడా ఉంది.

నాకు భయంగా ఉంది అన్నయ్యా.

చెల్లి


మార్చి 19

చెల్లీ,

మీ డాక్టరమ్మ పెద్ద చదువులు చదివి "కారణం దొరకదు" అంటుందా? నా దగ్గర చంకలో కుట్టు పిగిలితే కారణం చెప్పకుండా ఎవరినైనా పంపానా? చెప్పేవాళ్ళకి వినేవాళ్ళు లోకువ.

కారణం నేను చెబుతాను. నా గౌను. నలభై పొట్టని ముప్పై ఏడులో బిగించాను. పట్టకారుతో జిప్పు లాగారు. లోపల బిడ్డ గొంతు నొక్కుకుపోయి ఉంటుంది, అందుకే మింగడం లేదు. ఇది నాలుగు రోజుల్నుంచి నా బుర్రలో తిరుగుతోంది. మీ వదినకి చెబితే "మీకు పిచ్చా?" అంది. నువ్వు డాక్టరమ్మని అడుగు. నిజం చెప్పమను. నేను తట్టుకుంటాను.

నీళ్ళు ఎక్కువయ్యాయి కాబట్టి నువ్వు నీళ్ళు తాగడం పూర్తిగా మానెయ్యి. ఇది మామూలు తెలివి, దీనికి స్కాను అక్కర్లేదు.

ఆపరేషనంటూ వస్తే ఆ కుట్టేవాణ్ణి కొన్ని అడిగి రాయి. ఏ దారం? ఎంత సన్నం సూది? ముడి లోపలికి వేస్తాడా, బయటికి వేస్తాడా? పసిబిడ్డ ఒళ్ళు పట్టుగుడ్డ కన్నా పల్చన, మొద్దుసూది పెడితే చిరుగుతుంది. నేను బయల్దేరి వస్తాను, వాడితో మాట్లాడతాను.

అన్నయ్య


మార్చి 27

అన్నయ్యకి,

రావద్దు. వస్తే సర్జను చేతిలోంచి సూది లాక్కుంటావు.

నీ గౌను గురించి డాక్టరమ్మని నిజంగానే అడిగాను. సిగ్గుతో చచ్చాను. బిడ్డ మింగే గొట్టం తయారయ్యేది మూడో నెల రాకముందేనట. అప్పటికి నువ్వు గుడ్డ కూడా కొనలేదు. కడుపు నిండా నీళ్ళున్న బిడ్డని గౌను నొక్కలేదట. నీ గౌనుకి అంత శక్తి లేదు, గొప్పలు పోకు. నా జిప్పు ఒక్కటే అది చేసిన నష్టం.

నేను తాగే నీళ్ళకీ ఈ నీళ్ళకీ సంబంధం లేదట. తాగకపోతే నేను ఎండిపోతాను, అది తగ్గదు. నీ మామూలు తెలివి నీ దగ్గరే ఉంచుకో.

రెండో స్కానులోనూ చుక్క కనపడలేదు. బిడ్డకి గొంతు నుంచి పొట్టకి వెళ్ళే గొట్టం మధ్యలో తెగి, రెండు కొసలూ విడివిడిగా ఉండొచ్చంటున్నారు. ఖాయంగా తెలిసేది పుట్టాకే. పుట్టగానే నోట్లోంచి సన్నటి గొట్టం పంపి చూస్తారు. పొట్టదాకా పోతే సరే. మధ్యలో ఆగితే ఆపరేషను. అది చూసేదాకా బిడ్డ నోట్లో చుక్క పాలు పొయ్యకూడదు. పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం తీస్తాయి. అందుకే పురుడు ఈ పెద్దాసుపత్రిలోనే.

సోమవారం పొట్టలోకి సూది గుచ్చి లీటరున్నర నీరు తీశారు. సీసాలోకి కారుతుంటే చూశాను, లేత గంజిలా ఉంది. ఆ రోజు వెల్లకిలా పడుకుని నిద్రపోయాను. మళ్ళీ ఊరుతుందట.

ఇంకో ప్రమాదం ఉంది. నీరు ఇంత ఉన్నప్పుడు ఉమ్మనీటి సంచి పగిలితే వరదలా వస్తుంది. ఆ వరదలో బొడ్డుతాడు బిడ్డకన్నా ముందు జారి నొక్కుకుపోవచ్చు. అందుకని పగలగానే నడవకూడదు, నిలబడకూడదు. పడుకుని నడుము కింద దిళ్ళు పెట్టి ఎత్తుకోవాలి, అంబులెన్సుని పిలవాలి. సెలవు పెట్టాను. పక్కింటి టీచరమ్మకి తాళంచెవి ఒకటి ఇచ్చాను.

నీ ప్రశ్నలు సర్జనుకి చదివి వినిపించాను. దారం వెంట్రుక కన్నా సన్నమట, అదే కరిగిపోతుందట. ఐదారు కుట్లట. ముడి సంగతి ఇంతవరకూ ఎవరూ అడగలేదట. "మీ అన్నయ్యకి చెప్పండి, నాది కూడా ముప్పై ఏళ్ళ చెయ్యే" అన్నాడు.

తింటున్నాను. ఎంతో చెప్పను.

చెల్లి


మే 1

అన్నయ్యకి,

కొట్టివేతలుంటే ఏమీ అనుకోకు. ఒళ్ళో కాగితం పెట్టుకుని, ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. రెండు వారాలుగా వదినకి ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పాను. మొత్తం ఇప్పుడు విను.

ఏప్రిల్ పదిహేడు మధ్యాహ్నం వంటింట్లో సంచి పగిలింది. వరదన్నారు కదా, నేను అతిశయోక్తి అనుకున్నాను. గచ్చంతా మునిగింది. అక్కడే ఆ నీళ్ళలోనే పడుకున్నాను. దిళ్ళు గదిలో ఉన్నాయి. చేతికందిన పిండి డబ్బా నడుము కింద తోసుకుని గోడ మీద గరిటెతో కొట్టాను. టీచరమ్మ వచ్చింది, అంబులెన్సు వచ్చింది. లిఫ్టు నడవడం లేదు. మీ బావగారు ఆ రోజే నూనె వెయ్యాలని దాన్ని విప్పిపెట్టారు. ఊరందరి లిఫ్టులూ నడిపే మనిషి, పెళ్ళాన్ని స్ట్రెచరు మీద నాలుగంతస్తులు దింపారు. నా తల కిందికీ కాళ్ళు పైకీ పెట్టి, ప్రతి మలుపులో సారీ చెబుతూ. జీవితాంతం దెప్పుతాను.

తాడు జారలేదు. ఆపరేషను చేసి తీశారు. ఆడపిల్ల. కిలో తొమ్మిది వందలు. ఏడ్చింది, కానీ నోట్లోంచి నురగ వస్తూనే ఉంది. గొట్టం పంపారు. పది సెంటీమీటర్ల దగ్గర ఆగిపోయింది. ఇంకొకసారి పంపారు. ఆగిపోయింది.

మర్నాడు నాలుగు గంటలు కుట్టారు. కొసలు దగ్గరగానే ఉన్నాయట, లాగకుండా కలిశాయట. తర్వాత ఎనిమిది రోజులు అద్దాల పెట్టెలో. నాకు పాలు వస్తున్నాయి, దానికి పొయ్యకూడదు. పిండుకుని సీసాల్లో దాచాను. పక్క మంచాల పిల్లలు తాగుతుంటే చప్పుడు వినలేక బయటికొచ్చేదాన్ని.

ఇరవై ఏడున రంగు మందు పంపి ఎక్స్‌రే తీశారు. ఎక్కడా కారలేదు. అప్పుడు నర్సు చెంచాతో నా పాలు ఐదు చుక్కలు దాని నాలిక మీద వేసింది. మొహం చిట్లించింది. ఇదేం కొలత అన్నట్టు. గొంతు కదిలింది. నేను ఊపిరి బిగబట్టి చూశాను. దగ్గలేదు, నీలం కాలేదు. ఇంకో చెంచా వేస్తే అదీ మింగింది. చెంచా తీసేస్తే ఒక్క కేక పెట్టింది, వార్డంతా తిరిగి చూసింది.

నీ జబ్బ కొలతే దీన్ని బతికించిందని డాక్టరమ్మ అంది. నీకు చెప్పకూడదనుకున్నాను, నెత్తికెక్కుతుంది. వదినకి చెబితే ఆవిడే చెప్పమంది.

మీ అందరి కన్నా గొంతు పెద్దదాని
అమ్మ


మే 8

చెల్లీ,

నీ ఉత్తరం దుకాణంలో చదవలేదు. లోపల గదిలో కూర్చుని చదువుకున్నాను. ఏడ్చాను. మీ వదిన చూసి తలుపు దగ్గరగా వేసింది. నెత్తికెక్కలేదులే, భయపడకు. ఎక్కకపోవడానికి కారణం ఉంది. అది నీకు తప్ప ఎవరికీ రాయలేను.

నీ జబ్బ చూసి కనిపెట్టానని వీధిలో అందరికీ తెలిసిపోయింది. మాస్టారు డాక్టరుకన్నా గొప్పవాడంటున్నారు. మొన్నొకడు తన మోకాలు చూడమన్నాడు. ఆ పొగడ్తల్లో ఉండగా, ఇలాంటి కొలతలు ఇంకెవరికైనా ఉన్నాయా అని పుస్తకం తిరగేశాను. ఉన్నాయేమోనని కాదు, లేవని చూసుకుని మురిసిపోదామని.

ఉన్నాయి. నాలుగేళ్ళ కిందటి పేజీ. మన వీధి చివర బడిలో వంట చేసే ఆవిడ. నువ్వు వెళ్ళిపోయాక వచ్చింది, నీకు తెలీదు. నెలకొకసారి చొప్పున మూడుసార్లు వచ్చింది. పొట్ట ముప్పై ఎనిమిది, నలభై రెండు, నలభై ఆరు. జబ్బ పన్నెండు, పదకొండున్నర, పదకొండు. పొట్ట మీ వదిన కొలుస్తుంది, మెడా జబ్బా నేను కొలుస్తాను. మూడు అంకెలూ నా చేత్తో రాసినవే, ఒకదాని కింద ఒకటి.

మూడోసారి వచ్చినప్పుడు ఏమన్నానో కూడా గుర్తుంది. "బడి పిల్లల తిండంతా మీరే తినేస్తున్నారా అమ్మా?" అన్నాను. దుకాణం అంతా నవ్వింది. ఆవిడా నవ్వింది. కుట్లు విప్పి వదులు చేసిచ్చాను, ఊరికే చేశానని గొప్ప కూడా చెప్పుకున్నాను. ఆవిడకి మగపిల్లాడు పుట్టి మూడు రోజులకి పోయాడు. పాలు పట్టినప్పుడల్లా నీలంగా మారేవాడని అప్పట్లో విన్నాను. విని, పాపం అనుకుని, కాజాలు కుట్టుకున్నాను. తర్వాత ఆవిడ ఆ గౌన్లే బిగించమని తెచ్చింది. బిగించిచ్చాను.

నిన్న బడి వదిలాక ఆవిడ దగ్గరికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో నాకే తెలీదు, తిట్టించుకుంటే తేలికవుతుందనుకున్నానేమో. పెద్ద గిన్నెలు తోముతోంది. నన్ను చూడగానే చేతులు తుడుచుకుని, "మీ చెల్లెలి పాప పాలు మింగుతోందట కదా మాస్టారూ, విన్నాను" అంది. ముక్కాలిపీట వేసింది. పుట్టగానే గొట్టం వేసి చూడాలని వాళ్ళకెలా తెలిసిందని అడిగింది. డాక్టరు ముందే అనుమానించిందని చెప్పాను. డాక్టరు దగ్గరికి ఎవరు పంపారంది.

"నేనే. పొట్ట పెరుగుతుంటే జబ్బ తగ్గడం చూశాను" అన్నాను.

ఆవిడ తోమిన గిన్నె బోర్లించింది. తర్వాత మెల్లగా అడిగింది. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని.

"నా జబ్బ కూడా మీరే కొలిచారు కదా మాస్టారూ?"

అన్నయ్య